కాకినాడను వదిలేసిన చరిత్ర

మేనేజర్లకు ఎమోషనల్ ఇంటెలిజెన్స్ నేర్పే ఏ తరగతికి వెళ్లినా దాని పుట్టుక గురించి ఒకటే వరస వినిపిస్తుంది. 1920లో థార్న్‌డైక్ సామాజిక ప్రజ్ఞ గురించి రాశాడు, 1990లో సాలొవే, మేయర్ భావోద్వేగ ప్రజ్ఞను నిర్వచించారు, 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో అది అందరి నోళ్లలో పడింది. తేదీలకు వంక పెట్టలేం. కానీ మనస్తత్వ శాస్త్రజ్ఞుల చర్చ ఆఫీసు శిక్షణగా ఎలా మారిందో ఈ వరస చెప్పదు. ముదిరిన మనిషి నడవడిని కూడా శిక్షణతో మార్చవచ్చన్న నమ్మకాన్ని అంతకు ముందే గట్టిగా పట్టుకున్నవాడు హార్వర్డ్‌లో గోల్‌మన్‌కు గురువైన డేవిడ్ మెక్లెలాండ్. ఆ నమ్మకాన్ని ఆయన పరీక్షకు పెట్టిన ఊళ్లలో కాకినాడ ఒకటి.

1964లో మొదలుపెట్టి కాకినాడ వ్యాపారులను బృందాలుగా హైదరాబాద్‌లోని సియెట్‌కు రప్పించారు. యూసఫ్‌గూడలో ఇప్పుడున్న కేంద్ర ప్రభుత్వ చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ అదే. కోర్సు సుమారు పది రోజులు. ఒక బొమ్మ చూపించి కథ రాయమనేవారు. అందులో గెలుపు మీద ఆశ ఎక్కడుంది, ఓటమి భయం ఎక్కడుంది అన్నది రాసినవాళ్ల చేతే గుర్తు పెట్టించేవారు. ఎవరి మనసును వాళ్లే చదువుకోవడమన్నమాట. తర్వాత చూస్తే, శిక్షణ లేనివారికన్నా వీళ్లు వ్యాపారంలో ఎక్కువ చొరవ చూపారు.

కాకినాడలోనే ఎమోషనల్ ఇంటెలిజెన్స్ పుట్టిందంటే మాత్రం అది మన గొప్పలు చెప్పుకోవడమే. మెక్లెలాండ్ వెతికింది సాధించాలన్న తపన కోసం, ఎదుటివారి బాధ గ్రహించే నేర్పు కోసం కాదు. అయినా బంధం ఉంది. పరీక్షించాల్సింది తెలివిని కాదు, పనిలో సమర్థతనని ఆయన 1973లో వాదించాడు. ఆయన శిష్యుడు బొయాట్జిస్ 1982లో దాన్ని మేనేజర్లకు అన్వయించాడు. గోల్‌మన్ 1998లో ఉద్యోగాల మీద రాసిన పుస్తకం నడిచింది ఈ బాటలోనే.

మెక్లెలాండ్, వింటర్ కలిసి 1969లో వెలువరించిన ఫలితాల్లో ఒక మెలిక ఉంది. శిక్షణ బాగా పనిచేసింది సొంతంగా నిర్ణయం తీసుకోగల యజమానుల మీద. పెత్తనం మరొకరి చేతిలో ఉన్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. నా దృష్టిలో ఆ ప్రయోగం నేర్పిన అసలు సంగతి ఇదే. తర్వాత వచ్చినవాళ్లు మనసు మారుతుందన్న సగాన్నే పట్టుకున్నారు.

నేటి వర్క్‌షాపుల మీద నా అభ్యంతరమూ అక్కడే. ఓపిగ్గా వినడం, కోపం అణచుకోవడం మంచి విద్యలే, కాదనను. కానీ షిఫ్టు వేళలు, రేటింగులు, టార్గెట్లు పైనుంచి దిగుతుంటే టీమ్ లీడ్ విని చేసేదేముంది? ఓదార్చి పంపడం తప్ప. అది నాయకత్వం కాదు, యాజమాన్యం తరఫున సర్దిచెప్పడం. తర్వాతి బ్యాచ్‌కు పేర్లు పంపే హెచ్‌ఆర్ వారికి ఒక మనవి: ఆ టీమ్ లీడ్ తన కింద పనిచేసే మనిషికి, ఎవరినీ అడగకుండా, ఒక్క రోజు సెలవు ఇవ్వగలడో లేదో ముందు కనుక్కోండి.