గాల్వెస్టన్ ఉప్పెన: ఒక నగరం ఒరిగింది, ఒక నగరం ఎదిగింది

అమెరికాలోని టెక్సాస్ తీరాన్ని ఆనుకుని, మెక్సికో సింధుశాఖలో, గాల్వెస్టన్ అనే ఇసుక దీవి ఉంది. పొడవు సుమారు 43 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడ చూసినా ఐదు కిలోమీటర్ల లోపే. దాని తూర్పు కొసన అదే పేరుతో వెలసిన నగరం పంతొమ్మిదో శతాబ్దంలో టెక్సాస్ వ్యాపారానికి ఆయువుపట్టు. 1900 సెప్టెంబరు 8న వచ్చిన ఉప్పెన దాన్ని ఊడ్చిపెట్టింది. అమెరికా చరిత్రలో అంతమందిని బలిగొన్న ప్రకృతి విపత్తు మరొకటి లేదు. ఆ తర్వాత పదేళ్లపాటు సాగిన పునర్నిర్మాణం ఇంజనీరింగ్ చరిత్రలో నిలిచిపోయింది. అయినా పోయిన ప్రాభవం తిరిగి రాలేదు. అది 80 కిలోమీటర్ల లోపలనున్న హ్యూస్టన్‌కు తరలిపోయింది. చమురు, వైద్యం, అంతరిక్ష రంగాల్లో ఉద్యోగాలు చూసుకుని ఎందరో తెలుగువాళ్లు స్థిరపడిన నేటి హ్యూస్టన్ ఎలా ఎదిగిందో తెలియాలంటే ఈ ఉప్పెన సంగతి తెలియాలి.

గాల్వెస్టన్ నగరానికి 1838లో మిషెల్ మెనార్డ్, ఆయన భాగస్వాములు పునాది వేశారు. దీవికీ ప్రధాన భూభాగానికీ నడుమనున్న అఖాతంలో ఓడలకు సహజమైన ఆశ్రయం దొరికేది. టెక్సాస్ లోతట్టున పండిన పత్తి రైళ్ల మీద ఇక్కడికి చేరి, బేళ్లుగా ఓడలెక్కి యూరప్ వెళ్లేది. రేవు పక్కన స్ట్రాండ్ వీధిలో బ్యాంకులు, బీమా కంపెనీలు, పత్తి వర్తకుల కార్యాలయాలు బారులు తీరి ఉండేవి. నైరుతి అమెరికాకు ఇదే వాల్‌స్ట్రీట్ అనేవారు. టెక్సాస్‌లోని బానిసలు ఇక స్వతంత్రులన్న సైనిక ఉత్తర్వు 1865 జూన్ 19న వెలువడింది ఈ ఊళ్లోనే. నేటి జూన్‌టీన్త్ జాతీయ సెలవుదినం దాని స్మృతిగా వచ్చిందే. 1900 నాటికి నగర జనాభా 37,789.

ఇంత వైభవంలోనూ రెండు బలహీనతలు ఉన్నాయి. రేవు ఒకే కంపెనీ గుత్తాధిపత్యంలో ఉండేది. అది వసూలు చేసే సుంకాలు భరించలేక హ్యూస్టన్ వర్తకులు బఫెలో బయూ అనే తమ ఊరి వాగును లోతు చేయించి, ఓడలను నేరుగా అక్కడికే రప్పించాలని ఉప్పెనకు చాలా ముందునుంచే ప్రయత్నిస్తున్నారు. రెండోది నేల. నగరంలో అన్నిటికంటె ఎత్తయిన చోటు సముద్రమట్టానికి తొమ్మిది అడుగులు కూడా లేదు. అదే తీరంలో నైరుతి దిశగా ఉన్న ఇండియనోలా రేవు 1875లోనూ 1886లోనూ తుపానులకు ధ్వంసమై, చివరికి పాడుబడింది. ఆ తర్వాత గాల్వెస్టన్‌కు సముద్రపు గోడ కట్టాలన్న మాట వచ్చింది గానీ పని జరగలేదు. ఈ నగరాన్ని తుపాను ఘోరంగా దెబ్బతీస్తుందనుకోవడం వట్టి భ్రమ అని స్థానిక వాతావరణ అధికారి ఐజాక్ క్లైన్ 1891లో పత్రికలో రాశాడు.

1900 సెప్టెంబరు మొదట్లో తుపాను క్యూబా దాటింది. అది సింధుశాఖలోకి వస్తుందని క్యూబా శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అమెరికా వాతావరణ శాఖ దాన్ని పట్టించుకోక, తుపాను ఈశాన్యంగా అట్లాంటిక్ తీరానికి మళ్లుతుందని నమ్మింది. 8వ తేదీ శనివారం ఉదయానికే పల్లపు వీధుల్లోకి సముద్రపు నీరు వచ్చింది. మధ్యాహ్నానికి వంతెనలు పనికిరాకుండా పోయి, దీవి నుంచి బయటపడే దారి మూసుకుపోయింది. సాయంత్రానికి గాలి వేగం కొలిచే పరికరమే ఎగిరిపోయింది. రాత్రికి 15 అడుగులకు పైగా లేచిన ఉప్పెన దీవి మొత్తాన్ని ముంచెత్తింది. 1977 నాటి దివిసీమ ఉప్పెనలో లాగే ఇక్కడా ప్రాణాలు తీసింది ప్రధానంగా గాలి కాదు, నీరు.

సముద్రపు ఒడ్డునున్న సెయింట్ మేరీ అనాథాశ్రమంలో పదిమంది సన్యాసినులు పిల్లలను బట్టలారేసే తాడుతో తమ నడుములకు కట్టుకున్నారు, ఎవరూ కొట్టుకుపోకూడదని. ఆ పదిమందీ, 90 మంది పిల్లలూ చనిపోయారు. ముగ్గురు అబ్బాయిలు మాత్రం చెట్టు పట్టుకుని బతికారు. క్లైన్ భార్య కూడా ఆ రాత్రే మరణించింది. మొత్తం మృతుల సంఖ్యను 6 వేల నుంచి 12 వేల దాకా చెబుతారు. ఎక్కువమంది ఒప్పుకునే లెక్క 8 వేలు. సుమారు 3,600 ఇళ్లు నేలమట్టమయ్యాయి. శవాలకు బరువులు కట్టి సముద్రంలో వదిలితే అలలు వాటిని తిరిగి ఒడ్డుకు చేర్చాయి. చివరికి ఎక్కడికక్కడ చితులు పేర్చి వారాల తరబడి దహనం చేయవలసి వచ్చింది.

ఆ దుఃఖంలోనే నగరం పరిపాలన తీరును మార్చుకుంది. 1901లో పాత కౌన్సిల్ స్థానంలో కమిషన్ వచ్చింది. ఒక్కొక్క సభ్యుడు ఆర్థికం, పోలీసు, నీటి సరఫరా లాంటి ఒక్కొక్క శాఖకు బాధ్యత వహించాలి. ఈ పద్ధతిని తర్వాత హ్యూస్టన్‌తో సహా అమెరికాలో ఎన్నో నగరాలు అనుకరించాయి.

రక్షణకు హెన్రీ రాబర్ట్, ఆల్ఫ్రెడ్ నోబుల్, హెచ్.సి. రిప్లీ అనే ముగ్గురు ఇంజనీర్లు రెండు పనులు సూచించారు. మొదటిది 17 అడుగుల ఎత్తు కాంక్రీటు గోడ. 1902లో మొదలై 1904కల్లా దాదాపు ఐదు కిలోమీటర్ల మేర పూర్తయింది. తర్వాతి దశాబ్దాల్లో అది 16 కిలోమీటర్లు దాటింది.

రెండోది నగరాన్నే పైకెత్తడం. 1903 నుంచి 1911 దాకా ఈ పని సాగింది. దీవి గుండా కాలువ తవ్వి, డ్రెడ్జర్లను ఊరి నడుమకు తెచ్చారు. వాడను వాడగా గట్లు కట్టి, రెండు వేలకు పైగా కట్టడాలను జాకీలతో పైకి లేపి, ఇసుక కలిసిన నీటిని గొట్టాలతో వాటి కిందికి పంపారు. నీరు ఇంకిపోయాక ఇసుక మిగిలేది. సుమారు 3 వేల టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చిని 700 జాకీలు పెట్టి ఐదు అడుగులు లేపారు; జనం అందులో ప్రార్థనలు మానలేదు. ఇల్లు లేపించుకునే ఖర్చు ఇంటివాళ్లదే. ఆ ఏళ్లన్నీ జనం బురద పైన వేసిన చెక్క వంతెనల మీదే బజారుకూ బడికీ నడిచారు. ఉప్పునీటికి చెట్లన్నీ చచ్చిపోతే గన్నేరు మొక్కలు మళ్లీ నాటారు.

1915 ఆగస్టులో ఇంచుమించు అంతే తీవ్రమైన తుపాను వచ్చింది. గోడ నిలిచింది. గోడ చాటునున్న నగరంలో పోయిన ప్రాణాలు చాలా తక్కువ. సాటి మనుషుల ప్రాణాల కోసం ఒక చిన్న నగరం ఇంత ఓపికగా, ఇంత పట్టుదలగా పనిచేసిన సందర్భాలు చరిత్రలో అరుదు.

కానీ ఆ పదేళ్లలో లోకం ఆగలేదు. ఉప్పెన వచ్చిన నాలుగు నెలలకే, 1901 జనవరి 10న, టెక్సాస్‌లోనే బ్యూమాంట్ ఊరి దగ్గర స్పిండిల్‌టాప్‌లో చమురు ఎగజిమ్మింది. చమురు కంపెనీలకు గిడ్డంగులకూ శుద్ధి కర్మాగారాలకూ విశాలమైన స్థలం, రైలు మార్గాలు, తుపానుకు దూరంగా రేవు కావాలి. ఇరుకు దీవిలో మొదటిది దొరకదు. మూడోదాని మీద 1900 తర్వాత ఎవరికీ నమ్మకం లేదు. లోపలి రేవే క్షేమమన్న హ్యూస్టన్ వాదనకు ఉప్పెనే సాక్ష్యమైంది. బఫెలో బయూను ఓడ కాలువగా మార్చే ఖర్చులో సగం తామే భరిస్తామని హ్యూస్టన్ ముందుకొచ్చింది, అమెరికా కాంగ్రెస్ ఒప్పుకుంది. 25 అడుగుల లోతు ఓడ కాలువ 1914 నవంబరులో ప్రారంభమైంది.

జనాభా లెక్కలు మిగతాది చెబుతాయి. 1900లో హ్యూస్టన్ జనాభా 44,633, గాల్వెస్టన్ కంటె కొంచెమే ఎక్కువ. 1910లో గాల్వెస్టన్ 36,981 దగ్గరే ఉండగా హ్యూస్టన్ 78,800కు చేరింది. 2020లో గాల్వెస్టన్ 53,695. హ్యూస్టన్ 23 లక్షలు.

అయితే ఉప్పెన ఒక్కటే గాల్వెస్టన్‌ను కుంగదీసిందనడం సరికాదు. కొద్ది వారాల్లోనే రేవు మళ్లీ నడిచింది. పత్తి ఎగుమతులు దశాబ్దాలపాటు సాగాయి. హ్యూస్టన్‌తో పోటీ, రైలు మార్గాల మొగ్గు, చమురు, ఇవన్నీ ఉప్పెన రాకపోయినా ఉండేవే. ఉప్పెన చేసిందల్లా నగరం డబ్బునూ శ్రమనూ కీలకమైన దశాబ్దంలో ఆత్మరక్షణకు మళ్లించడం, కొత్త పెట్టుబడికి భయం పుట్టించడం. విపత్తు సాధారణంగా కొత్త దారి వేయదు. అప్పటికే మొదలైన మార్పును వేగిరపరుస్తుంది. దెబ్బ తగిలిన సమయం, పక్కన కాచుకుని ఉన్న పోటీదారు, కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

తర్వాత గాల్వెస్టన్ పర్యాటకం మీద, 1957 దాకా అక్రమ జూదం మీద, వైద్య కళాశాల మీద బతికింది. 2008 సెప్టెంబరులో ఐక్ తుపాను గోడ లేని అఖాతం వైపు నుంచి నీటిని తెచ్చి నగరాన్ని ముంచింది. ఆ తుపానే మరికాస్త పడమరగా తీరం దాటి ఉంటే దాని నీరు హ్యూస్టన్ ఓడ కాలువ వెంటనున్న చమురు కర్మాగారాలను చుట్టుముట్టేది. అందుకే అఖాతం ముఖద్వారానికి భారీ గేట్లు కట్టే పథకానికి కాంగ్రెస్ 2022లో ఆమోదం ఇచ్చింది. గాల్వెస్టన్ నుంచి సంపదను అందుకున్న హ్యూస్టన్ ఇప్పుడు రక్షణకు మళ్లీ ఆ దీవి మీదే ఆధారపడింది.