గొంతుని అంకెల్లో దాచడం

జార్జ్ గ్రియర్సన్ భారతదేశ భాషల సర్వే 1894లో మొదలై 1928కి ముగిసింది. అందులో నిజాం రాష్ట్రం లేదు. మద్రాసు, మైసూరు కూడా లేవు. అంటే తెలుగువాళ్లు ఎక్కువమంది ఉన్న చోట్లే సర్వే జరగలేదన్నమాట. 1906లో వచ్చిన నాలుగో సంపుటంలో తెలుగు ఉంది గానీ, మాండలికాలుగా కనిపించేవి బొంబాయి లాంటి చోట్లకి చేరినవాళ్ల మాటలు: కామాఠీ, వడరి, గోలరి. పొట్ట చేతపట్టుకుని సరిహద్దు దాటినవాడి తెలుగు పుస్తకానికెక్కింది. ఊళ్లో ఉండిపోయినవాడిది ఎక్కలేదు.

ఆ ఎక్కని ఊళ్లలో పెద్ద కొడప్‌గల్ ఒకటి. ఇప్పుడు కామారెడ్డి జిల్లా, బాన్సువాడ డివిజన్. అటు మహారాష్ట్ర, ఇటు కర్ణాటక, రెండూ దగ్గరే. అక్కడి తెలుగులో మరాఠీ, కన్నడం ఎంతవరకు కలిశాయో తేల్చాలంటే రాత చాలదు, వినాలి. సర్వేకి తోడుగా 1913 నుంచి గ్రామఫోన్ రికార్డులు కూడా చేశారు. బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథనే భాషభాషకీ చెప్పించారు. లక్క ప్లేటు మీద గీత అది. గాలి ఎలా ఊగితే గీత అలా ఊగుతుంది.

ఆ ఊపుని గీతగా కాకుండా అంకెలుగా రాయొచ్చని 1937లో పారిస్‌లో పనిచేస్తున్న ఇంగ్లీషు ఇంజనీరు అలెక్ రీవ్స్‌కి తట్టింది. సెకనుకి కొన్ని వేలసార్లు తరంగం ఎత్తు కొలిచి, ఆ కొలతలు వరసగా రాసుకోవడం, అంతే. ఒక్కో కొలత ఒక శాంపిల్. ఆ అంకెల్ని నేరుగా కంప్యూటర్‌కిచ్చి మాటని గుర్తుపట్టించాలని తొలినాళ్లలోనే పట్టుబట్టినవాళ్లలో మన చిత్తూరు జిల్లా కాటూరు మనిషి రాజ్ రెడ్డి ఒకరు. 1966లో స్టాన్‌ఫర్డ్‌కి ఇచ్చిన ఆయన థీసిస్ పేరులోనే ధ్వనితరంగాన్ని నేరుగా విశ్లేషించడం అన్న మాట ఉంటుంది. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మన సాహిత్య సభల్లో ఈ పేరు వినపడదు. భాష మీద పనిచేసినవాడే కదా!

ఇక అంకెలు ఫైల్లో ఎలా ఉంటాయంటే, సీడీ పద్ధతిలో ఒక్కో శాంపిల్‌కి 16 బిట్లు, అంటే రెండు బైట్లు. విలువ -32768 నుంచి 32767 దాకా. 1000 అనే శాంపిల్‌ని 232, 3 అనే రెండు బైట్లుగా రాస్తారు: మూడు రెండువందల యాభైఆర్లు, దానికి 232 కలిపితే వెయ్యి. చదివేవాడు ఆ రెంటినీ తారుమారు చేస్తే అదే శాంపిల్ -6141 అవుతుంది, గొంతు బదులు హోరు వినిపిస్తుంది. ముడి ఫైల్లో ఇవి తప్ప ఇంకేమీ ఉండవు. సెకనుకి ఎన్ని, ఒక్కోటి ఎన్ని బైట్లు, ఏ బైటు ముందు, ఏదీ రాసుండదు. తాళపత్రంలో పదాల మధ్య ఖాళీ లేనట్టే, ఎక్కడ విరవాలో చదివేవాడికి ముందే తెలిసుండాలి. 16,000 శాంపిళ్లతో తీసినదాన్ని 8,000 అనుకుని తెరిస్తే ముసలమ్మ మాట రెట్టింపు సాగి, మగగొంతులా వినిపిస్తుంది. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం తెచ్చిన వేవ్ ఫార్మాట్ చేసింది ఇంతే: ఆ వివరాలు ముందు రాసి, తర్వాత అవే ముడి అంకెలు పోయడం.

సీడీకి 44,100 అన్న వింత అంకె ఎందుకో తెలుసా? మొదట్లో అన్ని శాంపిళ్లు పట్టే చోటు వీడియో టేపే. తెర మీద ఒక్కో గీతకి మూడు శాంపిళ్లు, ఒక్కో ఫీల్డుకి 245 గీతలు, సెకనుకి 60 ఫీల్డులు. గుణించి చూడండి. సంగీతానికి దీంతో ఏ సంబంధమూ లేదు.

నా దగ్గర పెద్ద కొడప్‌గల్‌లో ఒక పెద్దావిడ చెప్పిన కథ ఉంది, పాత ఫోన్‌లో ఏఎమ్మార్ ఫైలుగా. ఆ ఫార్మాట్ సెకనుకి 8,000 శాంపిళ్లే తీసుకుంటుంది, కాబట్టి 4,000 హెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. ఉన్నవి కూడా దాచదు. గొంతు ఎలా పలికి ఉంటుందో ఒక అంచనా కట్టి, మహా అయితే సెకనుకి 12.2 కిలోబిట్లలో దాన్ని దాస్తుంది. కథ అర్థమవుతుంది. కానీ ‘స’కారం బుస చాలావరకు ఉండేది ఆ కోసేసిన భాగంలోనే. ఆవిడ ఒక మాటలో పలికింది ‘స’నా ‘శ’నా అని ఎవరైనా వాదిస్తే ఈ ఫైలు సాక్ష్యం చెప్పలేదు. దాన్ని వేవ్‌లోకి మారిస్తే సైజు పెరుగుతుంది తప్ప పోయింది రాదు.

స్టోరేజీ సాకు ఇప్పుడు చెల్లదు. 48,000 శాంపిళ్లు, 24 బిట్లు, ఒకే చానెల్ అయితే గంటకి సుమారు 518 మెగాబైట్లు. పెళ్లి వీడియో ముందు ఇదెంత! ఎవరు, ఎక్కడ, ఎప్పుడు మాట్లాడారో ఫైల్లోనే రాసుకోవడానికి యూరప్ రేడియో సంస్థలు 1997లో వేవ్‌కి ఒక అదనపు అర చేర్చాయి. అందులో వివరణకి 256 అక్షరాల చోటుంది. అయితే అది ఆస్కీ. నియమం ప్రకారం వెళ్తే పెద్ద కొడప్‌గల్ అన్న పేరుని అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి.