సంతకం ఒకటే, అర్థాలు రెండు

1971 డిసెంబర్లో నాకు పదేళ్ళు. విశాఖపట్నంలో ఉండేవాళ్ళం. రాత్రిళ్ళు బ్లాకౌట్, కిటికీలకు నల్ల కాగితాలు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గర మునిగిపోయిందని ఊరంతా చెప్పుకున్నారు. అది అమెరికా నౌకాదళానిదని, పాత పేరు డయాబ్లో అని, పాకిస్తాన్‌కు అద్దెకిచ్చారని చాలా ఏళ్ళ తరువాత చదివాను. కమ్యూనిజాన్ని అడ్డుకోవడానికని అమెరికా ఇచ్చిన ఆయుధం విశాఖ దాకా ఎలా వచ్చింది?

నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. విదేశాంగ నిపుణుణ్ణి కాను. కానీ బిల్లు పాస్ చేసేటప్పుడు ఎవరేం అనుకున్నారో కాదు, కాగితం మీద ఏముందో చూడాలని ఉద్యోగం నేర్పింది. అమెరికా, పాకిస్తాన్ల స్నేహాన్నీ అలాగే చూద్దాం.

1954 మే నెలలో ఇద్దరూ సైనిక సహాయ ఒప్పందం చేసుకున్నారు. సెప్టెంబర్లో సీటో కూటమి వచ్చింది. అందులో అమెరికా ఒక షరతు రాయించింది: తన బాధ్యత కమ్యూనిస్టు దురాక్రమణకే పరిమితం. అంతకుముందు ఫిబ్రవరిలోనే, ఆ ఆయుధాలను దురాక్రమణకు వాడితే ఊరుకోమని ఐసెన్‌హోవర్ నెహ్రూకు లేఖ రాశాడు.

1959 మార్చి ఒప్పందం మరీ ఆసక్తికరం. పాకిస్తాన్ మీద దురాక్రమణ జరిగితే అమెరికా సైన్యాన్ని వాడటంతో సహా తగిన చర్య తీసుకుంటుందని అందులో ఉంది. పాకిస్తాన్ పాలకులు అక్కడిదాకానే చదివినట్టున్నారు. ఆ చర్య ఇద్దరూ అంగీకరించినదై ఉండాలి, 1957 మధ్యప్రాచ్య తీర్మానానికి అనుగుణంగా ఉండాలి అని కూడా అదే వాక్యంలో ఉంది. ఆ తీర్మానం చెప్పింది కమ్యూనిజం అదుపులో ఉన్న దేశాల దాడి గురించి. భారతదేశం ఆ లెక్కలోకి రాదు.

మరి అమెరికా ఎందుకు గట్టిగా చెప్పలేదు? దానికి పెషావర్ కావాలి. 1960 మే 1న సోవియట్లు కూల్చిన యు-2 గూఢచారి విమానం లేచింది అక్కడినుంచే. స్పష్టంగా మాట్లాడితే బేరం చెడుతుందని ఇద్దరూ ఊరుకున్నారని నా అనుమానం.

1962లో చైనా మన మీదికి వచ్చినప్పుడు అమెరికా మనకు ఆయుధాలు పంపింది. అమెరికా దృష్టిలో అది కమ్యూనిస్టు చైనాకు అడ్డుకట్ట. అయూబ్ ఖాన్ దృష్టిలో మిత్రుడే శత్రువుకు కత్తి ఇవ్వడం. 1965 యుద్ధంలో పాకిస్తాన్ 1959 ఒప్పందం చూపించి సాయం అడిగింది. అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. చూడటానికి ఇద్దరికీ ఒకే న్యాయం. కానీ పాకిస్తాన్ సైన్యానికి పాటన్ టాంకుల నుంచి సేబర్ విమానాల దాకా అన్నీ అమెరికావే కాబట్టి దెబ్బ దానికే ఎక్కువ తగిలింది. 1971లో ఎంటర్‌ప్రైజ్ నౌక బంగాళాఖాతం వైపు వచ్చింది, యుద్ధం చెయ్యలేదు. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మరుసటి ఏడాదే పాకిస్తాన్ సీటో నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

పాకిస్తాన్‌ను చూసి నవ్వుకునే ముందు మన సంగతీ చూసుకుందాం. యుద్ధం వస్తే రష్యా మన తరపున పోరాడుతుందని 1971 ఆగస్టులో సంతకం పెట్టిందని మనలో చాలామంది నమ్మారు. నేనూ నమ్మాను. ఒప్పందంలోని 9వ అధికరణం తీసి చదవండి. ఒకరి మీద దాడి జరిగితే, లేదా ఆ ముప్పు వస్తే, వెంటనే ఇద్దరూ సంప్రదించుకుని దాన్ని తొలగించే చర్యలు తీసుకోవాలని ఉంది. సైన్యం పంపి తీరాలని లేదు. ఆ యుద్ధంలో సోవియట్ అండ మనకు చాలా ఉపయోగపడింది, నిజమే. కానీ కాగితం మీద ఉన్నది వేరు, మనం నమ్మింది వేరు.

దేవుడు కాపాడతాడంటే ఆధారం ఏమిటని అడిగే మనం, అగ్రరాజ్యం కాపాడుతుందన్నప్పుడు కూడా అదే ప్రశ్న వెయ్యాలి కదా? ఏ క్లాజులో రాసి ఉంది, ఏ షరతు మీద, ఎవరి ఇష్టం మీద అని అడగాలి. అడగకపోతే నష్టం సంతకం పెట్టినవాళ్ళకు కాదు. ఘాజీలో ఉన్న నావికుల్లో ఒక్కరూ బతకలేదు. ఆ ఒప్పందాలు వాళ్ళకెవరూ చదివి వినిపించి ఉండరు.