విడాకుల పిటిషన్ ఏ కోర్టులో? గోరిమేడు తెలుగువారికి కొన్ని వివరాలు

పుదుచ్చేరి గోరిమేడులోని జిప్మర్ ఆసుపత్రికి తెలుగు ప్రాంతాల నుంచి ఉద్యోగం, చదువు, చికిత్సల నిమిత్తం వచ్చేవారున్నారు. అత్తవారిల్లు రాజమహేంద్రవరంలో, ఉద్యోగం గోరిమేడులో ఉన్న భార్య విడాకులు కోరితే ఏ కోర్టును ఆశ్రయించాలి?

హిందూ వివాహ చట్టం, 1955లోని 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట, ప్రతివాది నివసిస్తున్న చోట, లేదా దంపతులు చివరిగా కలిసి కాపురమున్న చోట పిటిషన్ దాఖలు చేయవచ్చు. 2003 నాటి సవరణతో, భార్య తాను ప్రస్తుతం నివసిస్తున్న చోటనే దాఖలు చేసే వీలు కలిగింది. కాబట్టి పై ఉదాహరణలోని భార్య పుదుచ్చేరి కుటుంబ న్యాయస్థానానికే వెళ్లవచ్చు. సాధారణంగా భర్తకు ఈ అదనపు వెసులుబాటు లేదు. చికిత్స కోసం నాలుగు రోజులు గది తీసుకున్నంత మాత్రాన అది నివాసమని నిరూపించడం కష్టం. అద్దె ఒప్పందం, ఉద్యోగ ధ్రువపత్రం వంటివి దగ్గర ఉంచుకోవడం మేలు. కేసును ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి బదిలీ చేయాలంటే సుప్రీంకోర్టును కోరాలి.

విడాకులకూ, వివాహ రద్దుకూ గడువులు భిన్నంగా ఉంటాయి. అనేకులు పొరబడేది ఇక్కడే. పెళ్లయిన ఏడాదిలోపు విడాకుల పిటిషన్ వేయాలంటే అసాధారణ కష్టం ఉన్నదని చూపి కోర్టు అనుమతి పొందాలి. మోసంతోనో, బలవంతంతోనో సమ్మతి తీసుకున్న పెళ్లిని రద్దు చేయించుకోవాలంటే మాత్రం మోసం బయటపడిన, లేదా బలవంతం తొలగిన ఏడాదిలోగా కోర్టుకు రావాలి. పెద్దమనుషుల పంచాయతీలతో కాలం గడిపితే ఆ అవకాశం చేజారుతుంది. జీవించి ఉన్న మొదటి భార్య లేదా భర్తతో వివాహబంధం కొనసాగుతుండగా చేసుకున్న రెండో పెళ్లి మొదటి నుంచే చెల్లదు. అయినా ఆ దంపతులకు పుట్టిన పిల్లలు చట్టబద్ధ సంతానమే.

పరస్పర అంగీకారంతో విడిపోయేవారు కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. ఆపై ఆరు నెలల నిరీక్షణను తగిన సందర్భాల్లో కోర్టు మినహాయించవచ్చునని సుప్రీంకోర్టు 2017లో తీర్పునిచ్చింది.

పుదుచ్చేరికే ప్రత్యేకమైన విషయం మరొకటుంది. 1881 నాటి ఫ్రెంచి డిక్రీ కింద తమ వైయక్తిక చట్టాన్ని వదులుకున్న కుటుంబాలవారిని రెనాన్సంట్లంటారు. హిందూ వివాహ చట్టం వీరికి వర్తించదని ఆ చట్టంలోనే ఉంది. వీరి వివాహ విషయాలు ఫ్రెంచి సివిల్ కోడ్ పరిధిలోకి వస్తాయి. తాతముత్తాతలు పుదుచ్చేరి వారైతే, న్యాయవాదికి ముందుగా చెప్పవలసిన సంగతి ఇదే.

న్యాయవాది రుసుము భరించలేమని వెనుకాడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. సహాయవాణి సంఖ్య 15100.