మాటు వేసిన విమానాలు



చిల్లుపడ్డ ఇత్తడి బిందెను మన అమ్మమ్మలు పారేసేవారు కారు. మాట్లు వేసేవాడు వీధిలోకి వచ్చేదాకా అటక మీద దాచేవారు. "ఎందుకే ఆ పాత సామాను?" అని ఇంట్లో మగవాళ్ళు నవ్వినా సరే! ఒకప్పుడు మన దేశమూ అలాంటి పనే చేసింది. అయితే అప్పుడు బాగుచేసుకున్నది బిందెను కాదు, బాంబర్ విమానాలను.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా లిబరేటర్ అనే నాలుగింజన్ల బాంబర్లను 18,000కు పైగా తయారుచేసింది. విల్లో రన్ అనే చోటున్న ఫ్యాక్టరీలో వేలాదిమంది ఆడవాళ్ళు కూడా వీటి తయారీలో పనిచేశారు. అమెరికా బ్రిటిష్ వైమానిక దళానికి ఎరువిచ్చిన లిబరేటర్లు కొన్ని, 1945లో యుద్ధం ముగిశాక, మన కాన్పూరు చేరాయి. ఒప్పందం ప్రకారం వాటిని తిరిగి ఇచ్చెయ్యాలి, లేకపోతే పనికిరాకుండా చెయ్యాలి. బ్రిటిష్ వాళ్ళు రెండో పనే చేసి, అక్కడే వదిలేసి వెళ్ళారు.

1948 వచ్చింది. దేశం రెండు ముక్కలైంది, కాశ్మీరులో యుద్ధం జరుగుతోంది. పెద్ద బాంబర్లు కొందామంటే డబ్బేదీ? బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీవాళ్ళు ఆ పాతసామాను గుట్ట మీద పడ్డారు. దీని భాగం దానికి, దాని భాగం దీనికి తగిలించారు. కంపెనీ టెస్ట్ పైలట్ జంషెడ్ కైకోబాద్ మున్షీ, ఆ అరకొర మరమ్మతుతోనే, ఒక్కొక్కదాన్నీ సుమారు 1,500 కిలోమీటర్ల దూరాన ఉన్న బెంగుళూరుకు ఎగిరించుకుపోయారు. ఎంత గుండెధైర్యం చూడండి! అక్కడ వాటిని పూర్తిగా బాగుచేశారు. ఆ ఏడు నవంబరులోనే వాటితో మన వైమానిక దళం 5వ స్క్వాడ్రన్ ఏర్పడింది. తర్వాత సముద్రం మీద గస్తీ కూడా తిరిగి, 1968 దాకా అవి పనిచేశాయి.

అప్పటికి మిగతా దేశాలు తమ లిబరేటర్లను చాలావరకు తుక్కు కింద కరిగించేశాయి. మ్యూజియంలో పెట్టుకుందామంటే ఎక్కడుంది? మన దగ్గర! వదిలేసి వెళ్ళిన బ్రిటిష్ వాళ్ళకే 1974లో ఒకటి ఇచ్చాం. 1944లో అమెరికాలోని ఫోర్ట్ వర్త్‌లో పుట్టి, మన దగ్గర కొలువు చేసిన మరొకటి, ఇంగ్లండు మీదుగా తిరిగి అమెరికా చేరింది. అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి బాగుచేసుకొని 1989లో దాన్ని మళ్ళీ ఆకాశంలోకి ఎగిరించారు.

బాంబులు వేసే యంత్రాన్ని మెచ్చుకోమని నేను చెప్పడంలేదు. అది ఎన్నో ఇళ్ళు కూల్చింది. కానీ కొనే స్తోమత లేనినాడు బాగుచేసుకునే నేర్పే మనల్ని ఒకరి ముందు చెయ్యి చాచనివ్వలేదు. ఆ నేర్పు విలువ మీకు వేరే చెప్పాలా?