అడిలైడ్‌లో ఇరవై ఎనిమిది గంటలు

దక్షిణ ఆస్ట్రేలియా రాజధాని అడిలైడ్‌లో క్లిక్ స్టూడియోస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ ఉంది. అది తయారుచేసే సాధనం పేరు పాస్‌వర్డ్‌స్టేట్. ఒక కంపెనీలోనో ప్రభుత్వ శాఖలోనో వాడే పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒకే భోషాణంలో పెట్టి, ఎవరికి ఏది అవసరమో అది మాత్రమే తీసి ఇవ్వడం దాని పని. తమకు 29 వేల ఖాతాదారులున్నారని, 3,70,000 మంది భద్రతా, ఐటీ నిపుణులు దానిని వాడుతున్నారని ఆ సంస్థ చెప్పుకునేది. 2021 ఏప్రిల్ 21న, అడిలైడ్ కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 3 నిమిషాలకు మొదలై మరునాడు ఉదయం 10 గంటల దాకా, సుమారు 28 గంటల పాటు, ఆ భోషాణానికి కొత్త తాళం వేయించుకున్నవారి ఇంట్లోకి తాళంతో పాటు దొంగ కూడా వచ్చాడు.

దానికి నాలుగు నెలల ముందు బయటపడి అమెరికాను కుదిపేసిన సోలార్‌విండ్స్ ఉదంతానికి ఉన్నంత పేరు దీనికి లేదు. పరిమాణంలో రెంటికీ పోలిక లేదు కూడా. అయినా మనబోటి వృత్తిలో ఉన్నవారు ఈ చిన్న ఘటననే ఎక్కువ శ్రద్ధగా చదవాలని నాకనిపిస్తుంది. ఇక్కడ దెబ్బతిన్నవారు బద్ధకించినవారు కారు. అప్‌డేట్ రాగానే వేసుకున్న బుద్ధిమంతులు. వాయిదా వేసినవారు తప్పించుకున్నారు. ఈ తలకిందుల లెక్క ఎలా వచ్చిందో అర్థం కావాలంటే, ఎక్కడో ఎవరో రాసి పంపిన కోడ్‌ను మన యంత్రంలోకి చూడకుండా రానివ్వడం మనకెప్పుడు అలవాటైందో కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి. ఆ కథలోనూ ఆస్ట్రేలియాకు ఒక ముఖ్యమైన పాత్ర ఉంది.

1974లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ గురించి రాసిన వ్యాసం చదివి, సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే జాన్ లయన్స్ ఆ వ్యవస్థను తెప్పించుకున్నారు. అప్పట్లో సాఫ్ట్‌వేర్ అయస్కాంతపు టేపు మీద, సోర్స్ కోడ్‌తో సహా వచ్చేది. యూనిక్స్ ఆరవ ఎడిషన్ కెర్నెల్‌లోని సుమారు 9 వేల పంక్తులను ఎంచి, వరుస వరుసకూ వ్యాఖ్యానం రాసి లయన్స్ తన విద్యార్థులచేత చదివించారు. 1977 నాటికి అది రెండు పుస్తకాల రూపం తీసుకుంది. మూలం ఒకదానిలో, వ్యాఖ్య మరొకదానిలో. కావ్యాన్ని టీకాతాత్పర్యాలతో చదివిన సంప్రదాయం తెలిసిన మనకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. 1979లో వచ్చిన ఏడవ ఎడిషన్ లైసెన్సు, సోర్స్ కోడ్‌ను తరగతిలో పాఠంగా చెప్పడాన్ని నిషేధించింది. ఆ తర్వాత లయన్స్ పుస్తకం ఫోటోకాపీలుగా చేతులు మారుతూ ప్రపంచమంతా తిరిగింది. బహిరంగంగా అచ్చు కావడానికి 1996 దాకా ఆగవలసి వచ్చింది. ఆ పుస్తకం వెనక ఉన్న నమ్మకం సూటిగా ఉంటుంది: ఒక మనిషి శ్రమపడితే తన యంత్రం ఏం చేస్తున్నదో మొత్తం చదివి తెలుసుకోగలడు.

ఆ నమ్మకానికి మొదటి పెద్ద గండి కొట్టినవాడు అదే యూనిక్స్ సృష్టికర్త థాంప్సన్. ట్యూరింగ్ పురస్కారం అందుకుంటూ ఆయన చేసిన ప్రసంగం 1984 ఆగస్టులో అచ్చయింది. కంపైలర్‌లో ఒక మోసపు ముక్క దూర్చితే, లాగిన్ ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసినప్పుడల్లా అది ఒక దొడ్డిదారిని పెడుతుంది. తననే మళ్ళీ కంపైల్ చేస్తున్నారని గమనిస్తే ఆ మోసాన్ని కొత్త కంపైలర్‌లోకీ ఎక్కిస్తుంది. ఆ తర్వాత సోర్స్ కోడ్‌లోంచి మోసాన్ని పూర్తిగా చెరిపేసినా ఫరవాలేదు. చదివేవాడికి అక్కడ ఏమీ కనబడదు. ఈ ఆలోచన పూర్తిగా తనది కాదని, మల్టిక్స్ భద్రతపై అమెరికా వైమానిక దళం చేయించిన పరిశీలనలో చూశానని కూడా ఆయన చెప్పారు. మనం రాయని కోడ్‌ను నమ్మడమంటే దాన్ని రాసినవారిని నమ్మడమేనన్నది ఆ ప్రసంగ సారం.

ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో టేపు పోయి ఫ్లాపీ, ఫ్లాపీ పోయి సీడీ, అదీ పోయి తీగ మిగిలింది. 1998లో విండోస్ అప్‌డేట్ వచ్చింది. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ తన మరమ్మతులను నెలకోసారి, రెండవ మంగళవారం నాడు పంపడం మొదలుపెట్టింది. (సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో ఉన్నవారికి అది ఎప్పుడూ బుధవారమే.) ఆ క్రమశిక్షణకు బలమైన కారణమే ఉంది. 2017 మే నెలలో విజృంభించిన వన్నాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే మరమ్మతు ఇచ్చింది. వేసుకోనివారు మునిగారు. జూన్ దాకా మేలుకోని విక్టోరియా రాష్ట్రపు ట్రాఫిక్ కెమెరాలు కూడా ఆ జాబితాలో చేరాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వపు సైబర్ భద్రతా కేంద్రం ప్రచారం చేసే ‘ఎసెన్షియల్ ఎయిట్’ అనే ఎనిమిది సూత్రాలలో రెండు అప్‌డేట్‌ల గురించినవే. అత్యంత ప్రమాదకరమైన లోపాలకు వచ్చిన మరమ్మతును 48 గంటల్లో వేసుకోవాలన్నది వాటిలోని ఉన్నత ప్రమాణం.

అదే 2017 జూన్ 27న ఈ నాణేనికి రెండో వైపు కనబడింది. ఉక్రెయిన్‌లో పన్నుల లెక్కలకు విరివిగా వాడే మీడాక్ అనే సాఫ్ట్‌వేర్ తయారీదారు సర్వర్లలోకి చొరబడినవారు, దాని అప్‌డేట్ దారిలోనే నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రామ్‌ను వదిలారు. ఆ రాత్రి టాస్మేనియాలో, హోబార్ట్ శివారు క్లేర్‌మాంట్‌లోని క్యాడ్‌బరీ చాక్లెట్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. అక్కడి కార్మికులలో ఎవరూ మీడాక్ పేరు విని ఉండరు. ఫ్యాక్టరీ యజమాని మాండెలీజ్ ఒక బహుళజాతి సంస్థ. దాని కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి, అంతే. ‘సరఫరా గొలుసు దాడి’ అన్న మాట కాన్ఫరెన్సులలో ఎంత తేలికగా దొర్లినా, గొలుసు పొడవెంతో చూపించడానికి కీవ్ నుంచి హోబార్ట్‌కు ఉన్న దూరం చాలు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ దాడికి రష్యాయే బాధ్యురాలని బహిరంగంగా ప్రకటించింది.

డిజిటల్ సంతకం ఉంటే ఇలాంటివి జరగవు కదా అని సందేహం రావచ్చు. విశాఖదత్తుని ముద్రారాక్షసం కథ తెలిసినవారికి దీనికి సమాధానం తెలుసు. రాక్షసమంత్రి ఉంగరం చాణక్యుని చేతికి చిక్కుతుంది. ఆ ముద్ర వేసిన లేఖ మలయకేతుని కంటపడుతుంది. లేఖ కుట్ర, ముద్ర మాత్రం అసలుదే. అది ఎవరి ఉంగరమో ముద్ర చెబుతుంది. ఉంగరం అప్పుడు ఎవరి చేతిలో ఉందో, లేఖ రాసిందెవరో చెప్పదు. సోలార్‌విండ్స్‌లో జరిగినది దీనికంటే ఒక మెట్టు పైది. అక్కడ దుండగులకు ఉంగరం దొంగిలించే పని కూడా లేకపోయింది. కంపెనీ తన ఓరియన్ సాఫ్ట్‌వేర్‌ను కంపైల్ చేసే సమయానికి ఒక సోర్స్ ఫైలును మార్చి, పని కాగానే యథాస్థానంలో పెట్టేశారు. సంతకం కంపెనీయే స్వహస్తాలతో చేసింది. 2020లో సుమారు 18 వేల మంది ఖాతాదారులు ఆ అప్‌డేట్‌ను దింపుకున్నారు. థాంప్సన్ చెప్పిన పాఠాన్ని ఎవరో చాలా శ్రద్ధగా చదివారన్నమాట.

అడిలైడ్‌లో అంత నైపుణ్యం కూడా అవసరపడలేదు. పాస్‌వర్డ్‌స్టేట్ తనను తాను నవీకరించుకునేటప్పుడు మొదట క్లిక్ స్టూడియోస్ వెబ్‌సైట్‌లోని ఒక దారిచూపు ప్రోగ్రామ్‌ను అడుగుతుంది: కొత్త వెర్షన్ ఎక్కడుంది? అది చిరునామా చెబుతుంది. అక్కడినుంచి జిప్ ఫైలు దిగుతుంది. దుండగులు మార్చింది ఆ దారిచూపునే. కూడలిలో బాట చూపే పలకను రాత్రికి రాత్రి తిప్పేసినట్టు, అడిగినవారిని తమ అధీనంలోని సర్వర్‌కు పంపారు. చేతితో ఫైలు దింపుకుని అప్‌గ్రేడ్ చేసుకున్నవారికి ఏమీ కాలేదని సంస్థ తెలిపింది. ఒక్క బటన్ నొక్కి పని కానిచ్చినవారే ప్రమాదంలో పడ్డారు.

జిప్ లోపల మార్పుచేసినది ఒకే ఒక్క ఫైలు. దాని పేరు మోజర్‌వేర్ సీక్రెట్‌స్ప్లిటర్. ఈ పేరు దగ్గర కాసేపు ఆగాలి. అది ఎవరైనా వాడుకోదగిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ. 1979లో అది షమీర్ ప్రతిపాదించిన గణిత పద్ధతికి అది ఆచరణ రూపం. ఒక రహస్యాన్ని, ఉదాహరణకు, ఐదు ముక్కలు చేసి ఐదుగురికి పంచవచ్చు. ఏ ముగ్గురు కలిసినా రహస్యం తిరిగి వస్తుంది. ఇద్దరు కలిస్తే మాత్రం ఏమీ తెలియదు. బ్యాంకు లాకరుకు ఖాతాదారుడి తాళంచెవి ఒకటి, బ్యాంకుది మరొకటి ఉన్నట్టే ఇదీ. ఏ ఒక్కరినీ పూర్తిగా నమ్మనవసరం లేకుండా చేయడానికి పుట్టిన కోడ్‌లోనే దొంగ కాపురం పెట్టాడు. కంచె చేను మేయడమంటే ఇదే. దాడిని విశ్లేషించిన డెన్మార్క్ సంస్థ సీఎస్ఐఎస్ దానికి మోజర్‌పాస్ అని పేరు పెట్టింది. ఆ ఫైలు కంప్యూటర్ పేరు, వాడుకరి పేరు, నడుస్తున్న ప్రోగ్రామ్‌ల పట్టికతో పాటు భోషాణంలోని పాస్‌వర్డ్‌లను కూడా ఏరి బయటికి పంపేది.

సంస్థ ఖాతాదారులకు ఇచ్చిన సూచనలలో ఒకటి విచిత్రంగా సరళమైనది: ఆ ఫైలు పరిమాణం చూడండి, 65 కిలోబైట్లు ఉంటే మీరు బాధితులై ఉండవచ్చు. అయినవారు భోషాణంలోని ప్రతి పాస్‌వర్డ్‌నూ మార్చుకోవాలి. ముందు ఫైర్‌వాల్‌లు, వీపీఎన్‌లు, బయటికి కనబడే వెబ్‌సైట్‌లు. తర్వాత లోపలి యంత్రాలు. ఆ తర్వాత మిగిలినవి. వేలాది పాస్‌వర్డ్‌లున్న చోట ఆ పని అంటే ఏమిటో, ఒక్క రాత్రి ఆపరేషన్స్ విధుల్లో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇంతలో ఇంకో తమాషా జరిగింది. సంస్థ పంపిన లేఖలను కొందరు ఖాతాదారులు సామాజిక మాధ్యమాలలో పెట్టారు. దుండగులు వాటిని చూసి, అచ్చం అలాంటి లేఖలే తయారుచేసి, ‘ఈ మరమ్మతు వేసుకోండి’ అంటూ పంపారు. ఆ మరమ్మతులోనూ విషమే ఉంది. దయచేసి మా లేఖలను బహిరంగంగా పెట్టవద్దని సంస్థ కోరవలసి వచ్చింది.

ఇప్పుడు రెండు అంకెలను పక్కపక్కన పెట్టండి. ప్రభుత్వపు ఉన్నత ప్రమాణం 48 గంటలు. దాడి నిలిచినది 28 గంటలు. ఆ ఏప్రిల్ అప్‌డేట్ అత్యవసర మరమ్మతేమీ కాదు, నిజమే. కానీ అత్యవసరాల కోసం నేర్పిన తొందర మామూలు రోజుల్లో అలవాటుగా మారుతుంది. బుద్ధిగా నడుచుకునేవారు దాడి వలలో పడతారు; దానిని పసిగట్టి మూసేసిన తర్వాత బద్ధకస్తులు శుభ్రమైన ప్రతిని దింపుకుంటారు. దీన్ని చూసి అప్‌డేట్‌లను వాయిదా వేద్దామనుకుంటే వన్నాక్రై కాచుకుని ఉంటుంది. ఎవరికి వారు లెక్క వేసుకుని తప్పించుకోగల చిక్కు కాదిది.

మార్గం మరెక్కడో లేదు, ఆ దుండగులు పాడుచేసిన ఫైలులోని ఆలోచనలోనే ఉంది. ఒకే వెబ్‌సైట్ మాట మీద, ఒకే తాళంచెవి మీద నమ్మకమంతా ఆనకుండా, వేర్వేరు చోట్ల దాచిన తాళంచెవులలో ఇన్ని కలిస్తేనే అప్‌డేట్ చెల్లేలా వ్యవస్థను కట్టవచ్చని 2010లో శామ్యూల్, మాథ్యూసన్, కాపోస్, డింగిల్‌డైన్ అనే నలుగురు పరిశోధకులు ప్రతిపాదించారు. ఒక తాళంచెవి పోయినా ఇల్లు నిలవాలన్నది వారి లక్ష్యం. ఒకే సోర్స్‌ను వేర్వేరు వ్యక్తులు కంపైల్ చేసి, అక్షరం పొల్లు పోకుండా ఒకే ఫలితం వచ్చిందా అని సరిచూసుకునే పద్ధతిపై డెబియన్ బృందం 2013 నుంచి పనిచేస్తోంది. థాంప్సన్ వేసిన ప్రశ్నకు ఇది పూర్తి సమాధానం కాకపోయినా, సోలార్‌విండ్స్ తరహా మార్పిడిని పట్టించగలదు. ఇవేవీ రహస్యాలు కావు. అమ్ముడుపోయే సాఫ్ట్‌వేర్‌లో వీటికి చోటు ఎందుకు ఆలస్యంగా దొరుకుతున్నదన్నది గణితం తేల్చే ప్రశ్న కాదు. అది ఖర్చుకు సంబంధించినది.

ఆస్ట్రేలియాలో ఈ నమ్మకానికి చట్టం నుంచి కూడా ఒక చిక్కు ఉంది. 2018 డిసెంబరు 6న, ఆ ఏటి సమావేశాల చివరి రోజున, పార్లమెంటు ఒక చట్టం చేసింది. దర్యాప్తు సంస్థలకు సాయపడే కొత్త సామర్థ్యాన్ని నిర్మించి ఇవ్వమని సాంకేతిక సంస్థలను ఆదేశించడానికి అది వీలు కల్పిస్తుంది. వ్యవస్థ మొత్తాన్ని బలహీనపరిచే పని చేయించరాదని చట్టంలోనే ఉంది. అదే చట్టం ఆదేశం సంగతి బయటపెట్టడాన్ని ఐదేళ్ళ వరకు జైలు పడే నేరం కూడా చేసింది. 2016లో ఒక ఐఫోన్ కోసం ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్‌ను రాసి సంతకం చేయమని ఎఫ్‌బీఐ కోరితే ఆపిల్ నిరాకరించి కోర్టులో వాదించింది. అంతా బహిరంగంగా సాగింది. ఇక్కడి విమర్శకుల భయం ఆ బహిరంగత పోతుందన్నదే. దారిని దొంగ తెరిచినా అధికారి తెరిచినా, అందుకునే చివరన ఉన్నవాడికి అప్‌డేట్ ఒక్కలాగే కనిపిస్తుంది.

చివరిగా ఒక శుక్రవారం సంగతి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ లోపమున్న ఒక ఫైలును తన ఖాతాదారుల యంత్రాలకు పంపింది. దాడి కాదు, పొరపాటే. న్యూయార్క్‌లో అప్పుడు అర్ధరాత్రి దాటింది. సిడ్నీలో మధ్యాహ్నం 2 గంటల 9 నిమిషాలు. నిండుగా పని నడుస్తున్న ఆస్ట్రేలియాలో సూపర్ మార్కెట్ల బిల్లింగ్ యంత్రాలు, విమానాశ్రయాలు, టీవీ స్టూడియోలు మొదటే ఆ దెబ్బ చవిచూశాయి. 78 నిమిషాలలో ఫైలును వెనక్కి తీసుకున్నారు. అప్పటికే ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. వాటిలో కొన్నిటి యజమానులు ముందుజాగ్రత్తపడి, ఎప్పుడూ ఒకటి రెండు వెర్షన్లు వెనకే ఉండేలా అమర్చుకున్నవారు. ఆ అమరిక ప్రధాన ప్రోగ్రామ్‌కు మాత్రమే వర్తించింది. ఈ ఫైలు వేరే దారిలో వచ్చేది. ఆ దారికి గడియ పెట్టుకునే వీలు అప్పటికి ఖాతాదారులకు లేదు. ఆ వీలు కల్పిస్తామని, ఇకపై ఇలాంటి ఫైళ్ళను విడతలుగా పంపుతామని సంస్థ ఆ తర్వాత ప్రకటించింది.