సానియా మీర్జా: జంట క్రీడలో ప్రపంచ ప్రథమ స్థానము

తెలుగువారి క్రీడాచరిత్రను వ్రాయువారు కోడి రామమూర్తి నాయుడుగారి బలప్రదర్శనములతో ప్రారంభించుట పరిపాటి. పిదప నాగపూరున స్థిరపడిన తెలుగు కుటుంబమునకు చెంది, 1932లో భారత క్రికెట్టు జట్టునకు తొలి టెస్టు నాయకుడైన సి. కె. నాయుడుగారిని స్మరింతురు. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునందు భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగవ స్థానమునకు చేర్చిన హైదరాబాదు శిక్షకుడు ఎస్. ఎ. రహీమ్ గారిని పేర్కొందురు. ఈ వరుసలో స్త్రీల పేళ్లు చేరుటకు చిరకాలము పట్టినది. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో కాంస్యపతకము పొంది కరణం మల్లీశ్వరి ఆ కొఱతను తీర్చెను. పదునైదేండ్ల పిమ్మట, 2015 ఏప్రిలు 13వ తేదీన, హైదరాబాదునకు చెందిన సానియా మీర్జా మహిళల డబుల్సు టెన్నిసులో ప్రపంచ ప్రథమ స్థానమును అధిష్ఠించెను. ఏ భారతీయ మహిళయు అంతకు ముందు ఆ స్థానమును పొందియుండలేదు.

ఆ స్థానము యొక్క విలువ తెలియవలెనన్న, అది నిర్ణయింపబడు తీరును ముందుగ గ్రహింపవలెను. మహిళల టెన్నిసులో ర్యాంకులను గణకయంత్రముచే లెక్కించు పద్ధతి 1975లో ప్రారంభమైనది. సింగిల్సునకు ఒక పట్టిక, డబుల్సునకు వేఱొక పట్టిక ఉన్నవి. గడచిన 52 వారములలో సాధించిన ఫలితములకు పాయింట్లు కట్టి, వానిని బట్టి వరుసను ప్రకటింతురు. సంవత్సరము నిండగనే పాత పాయింట్లు రాలిపోవును. కావున ఈ ర్యాంకు తరతరములు అనుభవించు ఇనాము భూమి వంటిది కాదు. ఏటేట శ్రమించి నిలుపుకొనవలసిన కౌలు వంటిది. డబుల్సునందు మఱియొక విశేష మున్నది. ఆట ఇద్దఱిదైనను లెక్క మాత్రము ఎవరిది వారిదే. జంట విడిపోయినను ఆర్జించిన పాయింట్లు ఎవరి వెంట వారికి పోవును.

సానియా మీర్జా 1986 నవంబరు 15వ తేదీన బొంబాయిలో జన్మించెను. తండ్రి ఇమ్రాన్ మీర్జా, తల్లి నసీమా. ఆమె పసితనముననే కుటుంబము హైదరాబాదునకు చేరెను. భారత క్రికెట్టు జట్టునకు నాయకత్వము వహించిన హైదరాబాదు వాస్తవ్యుడు గులాం అహమ్మదుగారు ఈ కుటుంబమునకు బంధువు. ఆమె ఇంటిభాష ఉర్దూ. అందుచేత ఆమెను తెలుగువారి చరిత్రలో చేర్చుట ఎట్లని ఎవరైన శంకింపవచ్చును. మాతృభాష ఒకటి, బ్రదుకునేల వేఱొకటి అయిన బెంగుళూరు తెలుగువారికి ఈ శంక తగదు. పెంచిన నేలకు బిడ్డపై హక్కున్నదని వారికి వేఱుగ బోధింపనక్కఱలేదు.

ఆఱేండ్ల వయస్సున తల్లి ఆమెను హైదరాబాదులోని నిజాం క్లబ్బు కోర్టునకు కొనిపోయెను. పిల్ల మిక్కిలి చిన్నదని శిక్షకుడు చేర్చుకొనుటకు సంశయించెను. అతనితో పోరాడి ఒప్పింపవలసి వచ్చెను. ఈ సంగతిని సానియాయే తన విరమణ ప్రకటనలో జ్ఞాపకము చేసికొనెను. ఆనాడు హైదరాబాదులో సిమెంటు కోర్టులు విరివిగ లేవు. పేడతో అలికిన మట్టికోర్టుల మీద ఆడి పెరిగితినని ఆమె చెప్పుట కలదు. సికిందరాబాదులోని సినెట్ అకాడమీలో ఆమె శిక్షణ పొందెను. బెంగుళూరున టెన్నిసు శిక్షకుడుగ ప్రసిద్ధుడైన కృష్ణ భూపతిగారి పాలును ఆమె తొలినాటి శిక్షణలో ఉన్నది. ఈ రెండు నగరముల సంబంధము ఆమె చరిత్రలో తుదివఱకు కొనసాగినది.

ఆమె ఎంత దూరము ప్రయాణించెనో తెలియుటకు నాటి స్థితిని చూడవలెను. గ్రాండ్‌స్లామ్ ప్రధాన విభాగమున ఒక సింగిల్సు పోటీని భారతీయ మహిళ మొదటిసారి గెలుచుట 1998లో మాత్రమే జరిగినది. ఆ సంవత్సరము ఆస్ట్రేలియన్ ఓపెనులో కోయంబత్తూరునకు చెందిన నిరుపమా వైద్యనాథన్ ఆ విజయమును సాధించెను. ఏడేండ్ల పిమ్మట సానియా అదే పోటీలో మూడవ రౌండు వఱకు పోయి సెరీనా విలియమ్సు చేతిలో ఓడెను. అంతకు పూర్వమే, 2003లో ఆమె వింబుల్డన్ బాలికల డబుల్సును రష్యాకు చెందిన అలీసా క్లెయ్‌బనోవాతో కలిసి గెలిచెను. ఆ యేడే హైదరాబాదున జరిగిన ఆఫ్రో ఆసియా క్రీడలలో నాలుగు బంగారుపతకములు పొందెను. 2005 ఫిబ్రవరిలో హైదరాబాదు ఓపెను సింగిల్సును గెలిచి, డబ్ల్యు.టి.ఎ. సింగిల్సు టైటిలు పొందిన తొలి భారతీయ మహిళ అయ్యెను. ఆ సంవత్సరమే యు.ఎస్. ఓపెనులో నాలుగవ రౌండునకు చేరెను. 2007 ఆగస్టు 27వ తేదీన ఆమె సింగిల్సు ర్యాంకు 27. భారతీయ మహిళ ఎవరును నేటివఱకు ఆ ర్యాంకును దాటలేదు.

ఈ ఎదుగుదలకు మూల్యము కలదు. 2005లో ఆమె ఆట కంటె ఆమె దుస్తులను గూర్చిన చర్చ హెచ్చుగ సాగినది. 2006లో బెంగుళూరు ఓపెను డబుల్సును లీజెల్ హ్యూబరుతో కలిసి గెలిచిన ఆమె, 2008లో అదే నగరమున ఆడకుండుటకు నిశ్చయించుకొనెను. స్వదేశమున ఆడినపుడెల్ల ఏదో ఒక వివాదము చుట్టుకొనుటయే అందులకు కారణము. ఇరువదియొక్క యేండ్ల క్రీడాకారిణి తన దేశపు కోర్టునకు దూరముగ నుండుటయే మేలని తలపవలసి వచ్చుట ఆలోచింపదగిన విషయము.

అంతకంటె పెద్ద ఆపద శరీరమునుండి వచ్చినది. ఆమె బలమంతయు కుడిచేతి ఫోర్‌హ్యాండు దెబ్బలో నుండెను. ఆ దెబ్బ భారమును మోయునది మణికట్టు. 2008లో ఆ మణికట్టునకు శస్త్రచికిత్స జరిగెను. పిదప మోకాళ్లును బాధించినవి. సింగిల్సులో కోర్టు అంతయు ఒక్కరే కాచుకొనవలెను. డబుల్సులో సగము భారమును జతగత్తె పంచుకొనును. 2013 నాటికి ఆమె సింగిల్సును విడిచి డబుల్సునకే తన శక్తినంతయు వినియోగింప నిశ్చయించెను. నాడు అనేకులు దీనిని క్రీడాజీవితపు సాయంకాలముగ భావించిరి. నిజమునకు ఆమె మధ్యాహ్నము అప్పటికింకను రాలేదు.

అప్పటికే ఆమెకు జంట ఆటలో తగినంత అనుభవము కలదు. 2009లో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెను మిక్సెడ్ డబుల్సును, 2012లో అతనితోనే ఫ్రెంచ్ ఓపెనును ఆమె గెలిచెను. 2014లో బ్రెజిలునకు చెందిన బ్రూనో సోరెసుతో యు.ఎస్. ఓపెను మిక్సెడ్ డబుల్సును పొందెను. ఆ సంవత్సరముననే జింబాబ్వేకు చెందిన కారా బ్లాకుతో కలిసి సింగపూరున సంవత్సరాంతపు డబ్ల్యు.టి.ఎ. ఫైనల్సును గెలిచెను. ఇంచియన్ ఆసియా క్రీడలలో మిక్సెడ్ డబుల్సు బంగారుపతకమును ఆమెతో పంచుకొన్నవాడు ఆంధ్రదేశపు యువకుడు సాకేత్ మైనేని. అంతకు నాలుగేండ్ల ముందు గ్వాంగ్జౌ క్రీడలలో ఆమెతో వెండిపతకమును పొందినవాడు హైదరాబాదు క్రీడాకారుడు విష్ణువర్ధన్.

2015 మార్చిలో స్విట్జర్లాండునకు చెందిన మార్టినా హింగిస్ ఆమెకు జతగ వచ్చెను. హింగిస్ 1997లోనే, పదునాఱేండ్ల వయస్సున, సింగిల్సు ప్రథమ స్థానమును పొందిన మేధావి. కోర్టు వెనుకనుండి సానియా ఫోర్‌హ్యాండుతో ప్రత్యర్థులను చెదరగొట్టును. నెట్టు వద్ద హింగిస్ చివరి దెబ్బ కొట్టును. ఒకరి లోటును మఱియొకరు పూడ్చుకొన్న ఈ జంట వరుసగ ఇండియన్ వెల్సును, మయామిని గెలిచినది. అటుపిమ్మట అమెరికాలోని చార్లెస్టన్‌లో టైటిలు పొందినచో సానియాకు ప్రథమ స్థానము దక్కును, లేనిచో దక్కదు. ఏప్రిలు 12వ తేదీ తుదిపోటీలో వారు కేసీ డెలాక్వా, డారియా యురాక్ జంటను 6-0, 6-4 తేడాతో ఓడించిరి. మఱునాటి పట్టికలో సానియా పేరు మొదట నిలిచెను.

స్థానమును పొందుట ఒక యెత్తు, దానిని నిలుపుకొనుట మఱియొక యెత్తు. ఆ యేడు జూలైలో వింబుల్డన్ తుదిపోటీ మూడవ సెట్టులో 2-5తో వెనుకబడియు, మకరోవా, వెస్నినా జంటను వారు 5-7, 7-6, 7-5తో జయించిరి. మహిళల డబుల్సులో ఒక భారతీయ మహిళకు దక్కిన తొలి గ్రాండ్‌స్లామ్ టైటిలు అదియే. సెప్టెంబరులో యు.ఎస్. ఓపెను, 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెను వారివైనవి. వరుసగ 41 పోటీలు గెలిచిన పిమ్మట, 2016 ఫిబ్రవరిలో దోహా నగరమున ఆ జైత్రయాత్ర ఆగినది. సానియా ప్రథమ స్థానమున నిలిచిన వారములు 91. 2017 జనవరిలో బ్రిస్బేన్ నగరమున బెథనీ మాటెక్ శాండ్సుతో కలిసి ఆమె టైటిలును గెలిచెను. ఆ విజయముతోడనే ప్రథమ స్థానము ఆమెనుండి ఆ జతగత్తెకే సంక్రమించెను. డబుల్సు లెక్క యొక్క విచిత్రత ఇట్టిది!

ఇచ్చట ఒక ఆక్షేపణను విచారింపవలెను. డబుల్సు ప్రథమ స్థానము రెండవ తరగతి గౌరవమనియు, సింగిల్సున విఫలమైనవారికి అది ఆశ్రయమనియు కొందఱందురు. సింగిల్సులో ధనమును, ప్రేక్షకుల ఆదరమును హెచ్చుగ నున్నమాట నిజము. కాని డబుల్సునందు ఆలోచనకు దొరకు వ్యవధి తక్కువ. బంతి నెట్టు వద్దనే తిరిగివచ్చును. జతగత్తె మనస్సును మాటలేకయే గ్రహింపవలెను. సింగిల్సున ప్రపంచ ప్రథురాలైన హింగిస్ యంతటి క్రీడాకారిణియు డబుల్సున మరల పేరొందుటకు సమర్థురాలైన జతను వెదకుకొనవలసి వచ్చెను. సానియా డబుల్సునకు మరలుట ఓటమి కాదు; శరీరము విధించిన హద్దును గుర్తించి, ఆ హద్దులోపలనే శిఖరమును ఎన్నుకొనిన వివేకము.

భారతదేశపు టెన్నిసు కీర్తియు చాలవఱకు డబుల్సుదే. ఇందు బెంగుళూరు పాత్ర గొప్పది. 1999 ఏప్రిలులో మహేశ్ భూపతియు, ఆ జూనులో కలకత్తాకు చెందిన లియాండర్ పేసును పురుషుల డబుల్సున ప్రథమ స్థానమును పొందిరి. కొడగు కుటుంబమునకు చెందిన రోహన్ బోపన్న 2024 జనవరిలో, 43 యేండ్ల వయస్సున, అదే స్థానమునకు చేరెను. అంతటి వయస్సున మొదటిసారిగ ఆ స్థానమును పొందినవారు వేఱొకరు లేరు. సానియా తొలి గ్రాండ్‌స్లామ్ విజయము భూపతితోడను, 2023 జనవరిలో మెల్బోర్ను నగరమున ఆమె ఆడిన చివరి గ్రాండ్‌స్లామ్ తుదిపోటీ బోపన్నతోడను జరిగినవి. 2016 రియో ఒలింపిక్సున బోపన్నతో కలిసి ఆమె కాంస్యపతకపు పోటీలో ఓడి నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్ పతక మొక్కటియే ఆమెకు దక్కలేదు.

2018లో కుమారుడు జన్మించిన పిమ్మట, 2020 జనవరిలో ఆమె హోబర్టున నాదియా కిచెనోకుతో కలిసి డబుల్సు టైటిలును గెలిచి తిరిగివచ్చెను. 2023 ఫిబ్రవరిలో దుబాయి నగరమున వృత్తిక్రీడను ముగించెను. ఒక సింగిల్సు టైటిలు, 43 డబుల్సు టైటిళ్లు, ఆఱు గ్రాండ్‌స్లాములు ఆమె ఆర్జన. పద్మశ్రీ, ఖేల్ రత్న, పద్మభూషణ్ పురస్కారములు ఆమెను వరించినవి.

అయినను వారసత్వమును పతకములతో కొలువరాదు. హైదరాబాదు శివారున ఆమె 2013లో అకాడమీని నెలకొల్పెను. ఆమె బాల్యమున దొరకని కోర్టులు నేటి పిల్లలకు దొరకుచున్నవి. 2025 ఏప్రిలులో పూనాలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్పు పోటీలలో హైదరాబాదు యువతి శ్రీవల్లి రష్మిక భమిడిపాటి తాను ఆడిన ఐదు సింగిల్సు పోటీలను గెలిచి భారతజట్టును ప్లేఆఫునకు చేర్చెను. ఆ ప్లేఆఫునకు నవంబరులో బెంగుళూరే ఆతిథ్యమిచ్చినది. శ్రీవల్లియు, మఱియొక తెలుగు యువతి సహజ యమలపల్లియు భారతజట్టున ఆడిరి. తదుపరి దశ దక్కలేదు. అయినను ఇద్దఱు తెలుగు ఆడుబిడ్డలు ఒకే జట్టున దేశమునకు ఆడిన ఆ దినములు గుర్తుంచుకొనదగినవి. సింగిల్సున మొదటి నూరుగురిలో సానియా తరువాత మఱియొక భారతీయ మహిళ చేరలేదను మాటయు అంతే గుర్తుంచుకొనదగినది.

బొమ్మసంద్ర పారిశ్రామిక ప్రాంతమున తెలుగు కుటుంబము లనేకము లున్నవి. 2025 ఆగస్టులో ఇచ్చటికి మెట్రో బండి వచ్చినది. రెండు తావుల మాఱినచో టెన్నిసు స్టేడియమున్న కబ్బన్ పార్కునకు చేరవచ్చును. దారి ఏర్పడినది. కాని టెన్నిసు ధనవ్యయముతో కూడిన ఆట. రాకెట్టు, శిక్షణ, ప్రయాణము సామాన్యునికి భారములు. ఒక తల్లిదండ్రుల పట్టుదలచే ఒక సానియా వచ్చినది. పట్టుదల ఒక్కటియే చాలదు. ఊరూర కోర్టు, నిలకడగల శిక్షకుడు, ఆడపిల్ల ఆటను గౌరవించు సమాజము కావలెను. తెలుగు సంఘములు నాటకములకును, పండుగలకును వెచ్చించునట్లే ఒక బాలిక చేతి రాకెట్టునకును కొంత వెచ్చించినచో, 91 వారముల ఆ చరిత్ర గతవైభవముగ మిగిలిపోక ముందుతరమునకు పెట్టుబడియగును.